ఏరువాక పున్నమికి మళ్లీ కాడి కట్టాలనుకుంటున్నాం, ఎలా చేస్తే బాగుంటుంది?

నల్లరేగడి
మే 11, 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లాలో ఒక మెట్ట ఊరు. ఈసారి జూన్ 11న ఏరువాక పున్నమి, అదే దుక్కి మొదలుపెట్టే పండగ, వచ్చింది. మా ఊళ్లో అందరూ కలిసి ఏరువాక చేసి పద్నాలుగేళ్లయింది. అప్పట్లో నలభై జతల దాకా ఎద్దులుండేవి. మొన్న వీధి వీధీ తిరిగి లెక్కపెడితే ఆరు జతలు తేలాయి. పక్క రెండు ఊళ్లవీ కలిపితే పదకొండు.

మేం ఏడుగురం కూర్చుని మాట్లాడుకున్నాం. ఎద్దులను అలంకరించి ఊరేగించి ఫొటోలు దిగి ఇళ్లకు పోయే పండగ మాకు వద్దు. ఊరి ముందు తోరణం కట్టాలి, ఆ తర్వాత నాలుగెకరాల చేనులో నిజంగానే దున్ని, గొర్రుతో విత్తాలి. ఆ పైరు నిజంగా పండాలి. పాత సామాను కోసం అటకలూ చావిళ్లూ వెతికితే మూడు నాగళ్లు, మట్టి చదును చేసే గుంటక ఒకటి, జడ్డిగం (విత్తనం పోసే గిన్నె) ఊడిపోయిన గొర్రు, ఒక చక్రం విరిగిన రెండెడ్ల బండి దొరికాయి.

మా అన్న కొడుకు ఎనిమిదో తరగతి. నాగలికి చేత్తో పట్టుకునే మేడి ఏదో, కాడికి కట్టే పొడవాటి నొగ ఏదో వాడికి తెలియదు. వాడి తప్పు కాదు, మేం ఎప్పుడూ చూపించలేదు. అందుకే ఈ తాపత్రయం. నెల రోజుల టైముంది. తోరణం ఎలా కట్టాలి, చాలాకాలంగా కాడి ఎరగని ఎద్దులను ఎలా సిద్ధం చేయాలి? చేసినవాళ్లు చెప్పండి.

హగరి ఒడ్డు
మే 11, 2025, రాత్రి 10:25

చాలా సంతోషం తమ్ముడూ. మాది కర్నూలు జిల్లా పడమటి కొస. మా దగ్గర ఏరువాక ఇంకా బాగానే జరుగుతుంది. హద్దు అవతల కన్నడ ఊళ్లలో ఇదే రోజు కార హుణ్ణిమె చేస్తారు, రెండూ ఒకలాగే ఉంటాయి.

తోరణానికి గోగునార కావాలి. ఇప్పటికిప్పుడు గోగు కట్టె నానబెట్టి నార తీయడం కుదరదు కాబట్టి, పాత నార ఎవరింట్లో ఉందో ఈ వారమే అడుగు. లావుగా పేని, మధ్యమధ్య మామిడి, వేప మండలు గుచ్చి ఊరి మొగదలలో రెండు గుంజలకు ఎత్తుగా కట్టాలి. ఎద్దులను దాని కింద నుంచి తోలుకుపోతారు. చర్నాకోలలతో తోరణాన్ని కొట్టి, ఎవరికి దొరికిన పీచు వాళ్లు తెచ్చుకుని ఎద్దుల మెడలో కడతారు. తాడు మరీ గట్టిగా పేనితే తెగదు, జనం లాగి లాగి గుంజలే పడిపోతాయి. మా ఊళ్లో ఒకసారి అలా గుంజ మీద పడి ఒక పెద్దాయన భుజం విరిగింది. గుంజలను రెండు మూరల లోతు పాతండి.

మా వైపు సాయంత్రం ఎద్దులను వదిలితే ఏది ముందు తోరణం దాటుతుందో చూస్తారు. తెల్ల ఎద్దు ముందు దాటితే జొన్న, పత్తి లాంటి తెల్ల పంటలు బాగా వస్తాయని, ఎర్ర ఎద్దు దాటితే ఎర్ర పంటలని నమ్మకం. మీ ఊళ్లో ఆ ఆచారం లేకపోతే పెట్టుకోవద్దు. పరుగు అలవాటు లేని ఎద్దులు జనాన్ని చూసి బెదురుతాయి.

పశువుల కాంపౌండరు
మే 12, 2025, ఉదయం 6:15

నేను పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యాను. నల్లరేగడి గారూ, మీ ఆలోచన బాగుంది. కానీ మూడు ఊళ్ల ఎద్దులు ఒకచోట చేరుతున్నాయంటే ముందు ఆలోచించాల్సింది గాలికుంటు వ్యాధి గురించి. టీకా పని చేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది. పండగ ముందురోజు వేయిస్తే లాభం లేదు, ఈ వారంలోనే వేయించండి. వానలకు ముందు గొంతువాపు టీకా ఎలాగూ పడాలి. రెండూ ఎప్పుడెప్పుడు వేయాలో మీ డాక్టరు గారిని అడగండి. పండగ రోజు పొద్దున ఒక మనిషి ఊరి బయటే నిలబడి ప్రతి ఎద్దునూ చూడాలి. నోటి నుంచి చొంగ కారుతున్నా, కుంటుతున్నా, మేత ముట్టకపోయినా ఆ జతను అక్కడి నుంచే వెనక్కి పంపండి. యజమాని బాధపడతాడని మొహమాటపడవద్దు.

ఇక కాడి సంగతి. ఏళ్ల తరబడి కట్టని ఎద్దుకు మెడ మీది చర్మం మెత్తబడిపోతుంది. దాన్ని ఒక్కసారిగా నాగలికి కడితే గంటలో మెడ కమిలి, మర్నాటికి వాచి పుండు పడుతుంది. అది మానడానికి నెల పడుతుంది. రేపటి నుంచే మొదలుపెట్టండి. మొదటి నాలుగు రోజులు ఉత్త కాడి వేసి అరగంట నడిపించాలి. తర్వాత ఒక చిన్న దుంగ లాగించాలి. రెండో వారం ఇసుక బస్తా వేసిన బండి, మూడో వారం మెత్తటి నేలలో గుంటక. రోజూ సాయంత్రం మెడ తడిమి చూడండి. వేడిగా అనిపిస్తే మర్నాడు సెలవు. కాడి మాను లోపలి వైపు ఎక్కడా చెక్క లేవకుండా, మేకు బయటికి రాకుండా నున్నగా చేయించండి.

ఎద్దు తన ఒంటి బరువులో పదో వంతు దాకా రోజంతా లాగగలదు. అంతకు మించితే కాసేపే. మీరు చూపించాల్సింది ఆ రోజంతా లాగే శక్తిని.

పొంగలి గురించి కూడా చెప్పాలి. ఏరువాక నాడు ఎద్దులకు పొంగలి పెట్టడం మంచి ఆచారం. కానీ ప్రేమకొద్దీ ప్రతి ఇంటివాళ్లూ గంపెడు పెడితే, అలవాటు లేని అన్నం కడుపులో పులిసి ఎద్దు పడిపోతుంది. పండగ మర్నాడు అలా చచ్చిపోయిన ఎద్దులను నా చేతులతో కోసి చూశాను. ఒక్కో ఎద్దుకు పిడికెడు చాలు, మిగతాది పచ్చగడ్డి పెట్టండి. కొమ్ములకు ఆయిల్ పెయింటు వద్దు. ఒకదాని కొమ్ము ఒకటి నాకుతాయి, అది కడుపులోకి పోతుంది. జాజు (ఎర్రమట్టి), పసుపు చాలు.

నల్లరేగడి
మే 12, 2025, రాత్రి 8:05

కాంపౌండరు గారూ, మీ పోస్టు ప్రింటు తీసి పదకొండు ఇళ్లలోనూ ఇచ్చాను. పొంగలి సంగతి మాలో ఎవరికీ తెలియదు. మేం ఇంటింటికీ ఒక పళ్లెం అనుకున్నాం. ఇప్పుడు ఊరందరిదీ ఒకే పొయ్యి, ఒకే గిన్నె. రేపే టీకా.

గిత్తలజత
మే 13, 2025, మధ్యాహ్నం 1:30

అన్నా, బండలాగుడు పోటీ లేకుండా ఎద్దుల పండగా? జనం రారు. పళ్లను బట్టి వయసు లెక్కగట్టి పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు పెట్టండి, చుట్టుపక్కల పది మండలాల నుంచి వస్తారు.

పోటీలంటే చాలామందికి చులకన. నేను ఒంగోలు గిత్తలను మేపుతున్నాను కాబట్టి చెబుతున్నా. వ్యవసాయంలో ట్రాక్టరు వచ్చాక మగదూడకు విలువ లేకుండా పోయింది. 2019 పశుగణనలో దేశంలో గోజాతి పశువులు మొత్తం 19.25 కోట్లు, అందులో ఆవులే 14.51 కోట్లు. అంటే మగవి నాలుగో వంతు కూడా లేవు. ఈ పోటీలే లేకపోతే ఒంగోలు మగదూడను ఎవరు పాలు తాపి పెంచుతారు? మన జాతిని 1868లోనే బ్రెజిల్‌కు ఓడలో తీసుకుపోయారు. ఇవాళ అక్కడ మాంసం పశువుల్లో ఎక్కువ భాగం మన నెల్లూరు పేరుతోనే నెలోర్ అని పిలిచే పశువులే. ఇక్కడేమో లాం, చదలవాడ పశు క్షేత్రాలు, కొద్దిమంది రైతులు కలిసి కాపాడుకొస్తున్నాం. మా పోటీ గిత్తలు తినే తిండి మా పిల్లలకు కూడా పెట్టం.

పశువుల కాంపౌండరు
మే 13, 2025, రాత్రి 7:50

గిత్తలజత గారూ, మీరు జాతిని కాపాడుతున్న మాట నిజమే, అది చిన్న పని కాదు. కానీ బండ పోటీలకు వెళ్లేది పోటీ కోసమే పెంచిన గిత్తలు. ఈ ఊరి ఎద్దులు నిన్నటి దాకా చావిట్లో ఉన్నవి. వాటిని పక్కన నిలబెట్టి పోటీ పెడితే యజమానులకు పౌరుషం వస్తుంది, ములుకోల బయటికి వస్తుంది. మేకు బిగించిన కర్రతో పొడవడం 1965 నాటి కేంద్ర నిబంధనల్లోనే నిషేధం. ఆ నిబంధనల ప్రకారమే బండి కట్టిన పశువుతో రోజుకు 9 గంటలు మించి, విరామం లేకుండా 5 గంటలు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు కట్టకూడదు. జూన్ మొదట్లో ప్రకాశం జిల్లా ఎండ అందరికీ తెలుసు. ఎద్దుల పందేలను తప్పుబడుతూ సుప్రీంకోర్టు 2014లో ఇచ్చిన తీర్పు కూడా గుర్తుంచుకోండి, 2023లో సమర్థించింది తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తెచ్చుకున్న చట్టాలనే. తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదింటికి విప్పేయండి.

పొడతూర్పు
మే 14, 2025, ఉదయం 9:10

మాది నాగర్‌కర్నూల్ జిల్లా, నల్లమల అంచు. అందరూ ఒంగోలు గిత్త అంటున్నారు గానీ, మా దిక్కు సేద్యం చేసింది తూర్పు ఎడ్లు. తెల్లటి ఒంటి మీద పొడలుంటాయి కాబట్టి పొడ తూర్పు అంటారు. గుట్టల్లో మేస్తూ పెరుగుతాయి, మనిషి మోసినంత మేత కూడా అడగవు. మా లంబాడీ పెద్దలు అడవిలో మందలు మేపి, కోడెలను కురుమూర్తి జాతరలో అమ్మేటోళ్లు. పెద్ద గిత్త చూడ్డానికి బాగుంటది. రాళ్ల నేలల్లో పొద్దంతా నడిచేది మాత్రం ఈ చిన్న ఎద్దే. మీ పండగలో జాతి గొప్పలు చెప్పే బోర్డు పెడితే, ఏ నేలకు ఏ ఎద్దు అని రాయండి.

అడగకుండానే ఒక పని సంగతి చెబుతా. గొర్రుకు జడ్డిగం కొత్తగా చేయించేటప్పుడు వడ్రంగికి పాత కొలత చూపించండి. గిన్నెకు ఎన్ని రంధ్రాలో గొర్రుకు అన్ని పళ్లు. ఏ రంధ్రం పెద్దదైనా ఆ సాలులో విత్తనం ఒత్తుగా పడుతుంది. వెదురు గొట్టాలు లోపల కణుపు లేకుండా కాల్చిన చువ్వతో పొడిచి నున్నగా చేయాలె.

మేడిపట్టు
మే 16, 2025, రాత్రి 11:20

రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

మా నాన్న ఇరవై రెండేళ్లు ఒక ఆసామి దగ్గర పాలేరు. ఆ ఇంటి ఎద్దులకు ఆయన గొంతు తప్ప ఇంకొకరి గొంతు తెలియదు. తెల్లవారుజామున మూడింటికి లేచి కుడితి పెట్టి, మేత వేసి, చుక్క పొడవకముందే చేలో ఉండేవాడు. వలపటి (కుడివైపు) ఎద్దు కొంచెం నిదానం, దాపటిది (ఎడమవైపుది) దుడుకు. దుడుకుదాన్ని ఎలా ఆపాలో, నిదానందాన్ని కొట్టకుండా ఎలా కదిలించాలో ఆయనకు తెలుసు. సాలు వంకర పోకుండా దూరంగా ఒక చెట్టు మీద కన్ను పెట్టి నడిచేవాడు. నాగలి లోతు దిగకపోతే కాడిని నొగ మీద కొసవైపు జరిపి కట్టేవాడు. మరీ దిగబడితే వెనక్కి. కొలత బద్ద ఉండేది కాదు, కాలి కింద మట్టి చెప్పేది. పదునున్న నేలలో ఒక్క జతతో రోజుకు ఎకరం దున్నాలంటే ఎన్ని మైళ్లు నడిచి ఉంటాడో లెక్క వేసుకోండి.

ఏరువాక నాడు మాత్రం మేడి ఆసామి పట్టేవాడు. కొత్త పంచె కట్టుకుని, కొబ్బరికాయ కొట్టి, మూడు సాళ్లు దున్ని దిగేవాడు. నాన్న పక్కన పగ్గం పట్టుకుని నడిచేవాడు. పొంగలి ఎద్దులకు పెట్టాక మా ఇంటికి వచ్చేది. ఆయన చనిపోయే ముందు సంవత్సరం కూడా పున్నమి రోజు పొద్దునే లేచి కూర్చునేవాడు, ఎద్దులు లేకపోయినా.

నల్లరేగడి గారూ, మీ ఊళ్లో పాత పాలేర్లు, కర్రు కాల్చి సాగదీసిన కమ్మరి, నాగలి చెక్కిన వడ్రంగి, మోటతోలు కుట్టినవాళ్లు ఎవరైనా బతికుంటారు. ఈ పండగ చరిత్రను గుర్తు చేసుకోవడానికైతే ఆ చరిత్ర వాళ్ల చేతుల్లో ఉంది. వాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పమని అడగడం లేదు. మేడి వాళ్లకివ్వండి.

హగరి ఒడ్డు
మే 17, 2025, ఉదయం 5:50

అన్నా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా ఊళ్లోనూ ఇప్పటికీ అలాగే జరుగుతోంది. ఈసారి మా పెద్దల దగ్గర ఈ మాట ఎత్తుతాను.

సీతచాలు
మే 17, 2025, మధ్యాహ్నం 3:15

మేడిపట్టు అన్నయ్యా, మీరు చెప్పినదానికి నాదొక మాట చేర్చాలి. నాగటి చాలును సీత అంటారు, ఆ పేరే నేను పెట్టుకున్నాను. కానీ ఏరువాక గురించి ఎవరు రాసినా ఎద్దులూ మగవాళ్లే కనబడతారు. గొర్రు తోలేది మగవాళ్లు, విత్తనం పోసేది మాత్రం మేమే కదా.

మా అమ్మ ఒళ్లో విత్తనం కట్టుకుని గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో పోసేది. గుప్పిట ఎంత సడలిస్తే అంత పడుతుంది. ఎద్దులు వడిగా నడిస్తే చేయి వడిగా ఆడాలి, ఎద్దులు ఆగితే చేయి ఆగాలి. మలుపు దగ్గర పోస్తే విత్తనం కుప్ప పడుతుంది. సజ్జ సాళ్ల మధ్య కంది పడాలంటే వెనక తాడుతో కట్టిన విడి గొట్టం ఇంకొకామె పట్టుకుని నడుస్తూ పోసేది. గొట్టంలో మట్టి ఇరుక్కుంటే ఆమెకు చప్పుడులో తేడా తెలిసిపోవాలి. తెలియకపోతే ఆ సాలు మొలవదు, పది రోజుల తర్వాత దారిన పోయేవాళ్లంతా చూస్తారు. మా అమ్మ వేసిన చేనులో ఖాళీ సాలు ఒక్కటి నేను చూడలేదు. ఎకరానికి ఎంత విత్తనం పోయాలో తూకం లేకుండా చేత్తోనే సరిపెట్టేది.

మీ నాలుగెకరాల్లో విత్తనం పోయడానికి పెద్దామెలను పిలవండి. పిలిచే ముందు ఒకరోజు చేయి ఆడించి చూసుకోమనండి, వాళ్లకూ ఏళ్లయి ఉంటుంది.

గౌతమి గట్టు
మే 19, 2025, రాత్రి 9:00

మాది గోదావరి డెల్టా. మా వరి చేలల్లో మోకాలి లోతు బురదలో దమ్ము చేసింది దున్నపోతులు. మా ఊరి పండగల్లో వాటికి చోటు దక్కలేదు. ఎద్దు తెల్లగా అందంగా ఉంటుంది కాబట్టి ఊరేగిస్తారు. దున్నపోతుకు చెమట తక్కువ, ఎండ తట్టుకోలేదు, గంటకోసారి నీళ్లలో దింపాలి. అంత కష్టంలోనూ ఈ రాష్ట్రానికి అన్నం పెట్టింది అదే. మీ దగ్గర ఒక్క జత ఉన్నా దానికీ బొట్టు పెట్టండి.

నల్లరేగడి
మే 28, 2025, రాత్రి 8:40

ఆలస్యానికి క్షమించండి, పని చాలా ఎక్కువైంది. ఈసారి రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి. మాకూ రెండు మంచి వానలు పడ్డాయి, చేను పదునెక్కింది.

మీ మాటలన్నీ ఊరి రచ్చబండ దగ్గర చదివి వినిపించాను. మేడిపట్టు గారి పోస్టు చదివాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత గట్టి వాదనే జరిగింది. మొదటి సాలు ఎవరిదన్న దగ్గర ఇద్దరు పెద్దలు లేచి వెళ్లిపోయారు. ఒకాయన మర్నాడు తిరిగి వచ్చాడు, రెండో ఆయన రాలేదు. ఆయన జత కూడా రాదు. మాకు బాధగానే ఉంది, కానీ నిర్ణయం మార్చుకోలేదు. మా ఊళ్లో పాత పాలేర్లు ముగ్గురు ఉన్నారు. ముగ్గురూ డెబ్బై దాటినవాళ్లే. మొదటి సాళ్లు వాళ్లవే.

పోటీ పెట్టడం లేదు. గిత్తలజత తమ్ముడూ, నీ జతను పోటీ లేకుండా చూపించడానికి తెస్తావా? మగదూడ సంగతి నువ్వే పిల్లలకు చెప్పాలి.

గిత్తలజత
మే 28, 2025, రాత్రి 10:10

తెస్తాను అన్నా. టీకా కార్డు కూడా తెస్తాను. పళ్లు చూసి వయసు చెప్పడం పిల్లలకు నేర్పిస్తా. రెండు పళ్లొచ్చేసరికి రెండేళ్లు దాటతాయి, ఎనిమిదీ పూర్తయ్యేసరికి నాలుగున్నర, అయిదేళ్లు. మా గిత్తలు నోరు తెరవడానికి గొడవ చేయవు.

నల్లరేగడి
జూన్ 12, 2025, ఉదయం 10:30

నిన్న జరిగింది. ఒళ్లంతా నొప్పులు, గొంతు పోయింది, అయినా రాయాలి.

పది జతలు రావాలి, ఎనిమిది దున్నాయి. ఒక ఎద్దు కుంటుతుంటే కాంపౌండరు గారు చెప్పినట్టు ఊరి బయటి నుంచే వెనక్కి పంపాం. ఆయనే స్వయంగా 90 కిలోమీటర్లు బస్సులో వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు, ఇక మొహమాటం ఎక్కడిది. ఇంకో జత జనాన్ని చూసి బెదిరితే విప్పి చింతచెట్టు కింద కట్టేశాం. మైకు లేదు, డీజే లేదు. గజ్జెల చప్పుడు ఊరి చివరిదాకా వినిపించింది.

ఐదున్నరకు తోరణం దాటాం. చేనులో మొదటి జత వెనక ఉన్న పెద్దాయన మేడి మీద చేయి వేసి కాసేపు అలాగే నిలబడ్డాడు. నోటితో టక్కుమని ఒక చప్పుడు చేశాడు, ఎద్దులు కదిలాయి. ఆ ఎద్దులు ఆయనవి కావు, ఆ రోజే చూశాడు. సాలు తాడు పట్టి గీసినట్టు పోయింది. అవతలి గట్టు దగ్గర తిప్పేటప్పుడు నాగలిని ఒంటి చేత్తో లేపాడు. మా వాళ్లు ఇరవై అయిదేళ్ల కుర్రాళ్లు రెండు చేతులతో లేపలేకపోయారు. నేను వీడియో తీద్దామనుకుని మరిచిపోయాను.

మా అన్న కొడుకు ఆయన పక్కన పగ్గం పట్టుకుని నాలుగు సాళ్లు నడిచాడు. కాళ్లకు బొబ్బలెక్కాయి. ఇవాళ పొద్దున వాడే వెళ్లి ఎద్దుల మెడలు తడిమి వచ్చాడు, ఒకదానికి వేడిగా ఉందని చెప్పాడు. చూస్తే నిజమే. పసుపూ నూనే రాశాం.

సీతచాలు అక్కా, నలుగురు పెద్దామెలు సజ్జ, కంది పోశారు. ఎనిమిదిన్నరకే ఎండ మండిపోయింది, తొమ్మిదికి ఎద్దుల కాడి విప్పేశాం. అందుకే నాలుగెకరాల్లో రెండున్నరే అయింది. మిగతాది ఇవాళ పొద్దున చల్లటి పూట మూడు జతలతో పూర్తి చేశాం, చూడ్డానికి ఎవరూ లేరు. అదే నాకు ఎక్కువ నచ్చింది. గౌతమి గట్టు గారూ, దున్నల జత ఒకటి దొరికింది, వాటికీ బొట్టు పెట్టాం. చెరువు దగ్గరికి తీసుకెళితే సాయంత్రం దాకా బయటికి రాలేదు.

మేడిపట్టు
జూన్ 12, 2025, రాత్రి 9:55

చదివాను నల్లరేగడి గారూ. ఆ పెద్దాయన చేసిన చప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. వచ్చే ఏరువాకకు నేను మీ ఊరు వస్తాను.

సీతచాలు
జూన్ 13, 2025, ఉదయం 7:20

సంతోషం తమ్ముడూ. మొలకలు వచ్చాక ఒకసారి సాళ్లు చూసి చెప్పు.

నల్లరేగడి
జూన్ 22, 2025, రాత్రి 8:15

అక్కా, సజ్జ మొలిచింది, కంది కూడా తల ఎత్తింది. పెద్దామెలు పోసినచోట ఒక్క సాలూ తప్పలేదు. రెండో రోజు నేను సరదాపడి ఒక తిప్పు పోశాను, అందులో ఒక సాలు సగం దాకా ఖాళీ. గొట్టంలో మట్టి ఇరుక్కున్న సంగతి నాకు వినబడలేదు. రోడ్డు పక్కనే ఉంది, అందరూ ఆగి చూస్తున్నారు. నిన్న ఆ పెద్దామెల్లో ఒకరు వచ్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ సగం సాలులో చేత్తో గింజలు నాటించారు.